మున్సిపల్ కార్మికుడు పనిలో గాయపడితే, మరణిస్తే: నష్టపరిహారం ఎవరివ్వాలి, ఎంత, ఎలా?

తెల్లవారుజామున ఐదు గంటలకు మస్టరు పాయింటు దగ్గర హాజరు వేయించుకుని, చీపురు పట్టుకుని రోడ్డెక్కిన మనిషిని ఐదున్నరకు లారీ గుద్దింది. ఆరు గంటలకల్లా మున్సిపల్ సిబ్బంది ఫోన్లన్నీ మోగుతాయి. ఆ సమయంలో ముందుగా అడగవలసింది ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారని. చాలా చోట్ల ముందుగా వినిపించేది మాత్రం "పర్మినెంటు మనిషా, ఏజెన్సీ మనిషా?" అన్న మాట. ఏజెన్సీ మనిషి అని తెలియగానే గదిలో ఊపిరి తేలికపడుతుంది. తమకు సంబంధం లేదనుకుంటారు. గాయపడిన వాడి భార్యకు కూడా అదే మాట చెప్పి, కాంట్రాక్టరు ఇంటి దారి చూపిస్తారు.

ఆ మాట తప్పు. ఇప్పుడు కొత్తగా తప్పు అయింది కాదు, దశాబ్దాలుగా తప్పే. మున్సిపాలిటీ తన పనిని ఎవరి చేత చేయించుకున్నా, ఆ పనిలో జరిగిన ప్రమాదానికి పరిహారం బాధ్యత మున్సిపాలిటీ గుమ్మం దాటి పోదు. కమిషనర్ దగ్గర నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టర్ వరకు, కార్మిక సంఘం నాయకుడి దగ్గర నుంచి కార్మికుడి ఇంట్లోవాళ్ల వరకు అందరికీ పనికొచ్చేలా, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు ఎక్కాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా చట్టం పేరు

దీని మూలం 1923 నాటి చట్టం. మొదట దాన్ని పనివారి నష్టపరిహార చట్టం అనేవారు. 2009 సవరణతో, 2010 జనవరి 18 నుంచి అది ఉద్యోగుల నష్టపరిహార చట్టం అయింది. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాక, ఈ విషయం 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోని ఏడో అధ్యాయంలోకి చేరింది. ఆ తేదీకి ముందు జరిగిన ప్రమాదాలకు పాత చట్టమే వర్తిస్తుంది. పరిహారం లెక్కించే పద్ధతి, బాధ్యత సూత్రం రెండింటిలోనూ చాలావరకు ఒకటే. అందుకే కింద నేను సెక్షన్ల నంబర్లు చెప్పిన చోట పాత చట్టానివే చెబుతున్నాను. కార్మిక శాఖ కార్యాలయాల్లో ఇప్పటికీ నోటి మీద ఉన్నవి అవే.

మొదటి మెట్టు: ఈఎస్ఐ ఉందా, లేదా తేల్చుకోండి

దారి ఇక్కడే రెండుగా చీలుతుంది. నెల వేతనం 21,000 రూపాయలు మించని వారికి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా, వర్తిస్తుంది. ప్రమాదం నాటికి కార్మికుడు ఈఎస్ఐలో బీమా పొందిన వ్యక్తి అయితే, వైద్యం, వైకల్యం, మరణం అన్నింటికీ అక్కడి నుంచే ప్రయోజనం పొందాలి. అదే గాయానికి యజమాని నుంచి నష్టపరిహార చట్టం కింద మళ్లీ అడగడానికి వీలు లేదు. ఈఎస్ఐలో పని చేయలేని రోజులకు వేతనంలో 90 శాతం చొప్పున ఇస్తారు. పనిలో మరణిస్తే ఆధారపడినవారికి నెలనెలా పింఛను వస్తుంది. ఒకేసారి చేతికొచ్చే పెద్ద మొత్తం కంటే, చిన్న పిల్లలున్న ఇంటికి ఈ పింఛనే మేలని నా అభిప్రాయం. ఆ డబ్బు అప్పులవాళ్ల చేతికి ఒక్కరోజులో పోదు.

ఇక్కడ జరిగే మోసం ఒకటుంది. వేతనంలో ఈఎస్ఐ వాటా 0.75 శాతం కోసుకుంటారు, యజమాని వాటా 3.25 శాతంతో కలిపి కట్టవలసింది మాత్రం కట్టరు. కార్మికుడి చేతిలో ఈఎస్ఐ నంబరు ఉంటుంది, ఖాతాలో చందా ఉండదు. కాంట్రాక్టరు బిల్లు పాస్ చేసే ముందు ఆ నెల చలానా, దానితోపాటు ఎవరెవరి పేరున ఎంత కట్టారన్న జాబితా తీసుకుని మస్టరుతో పేరు పేరునా సరిచూడటం మున్సిపల్ అకౌంట్స్ విభాగం పని. చలానా మీద మొత్తం అంకె చూసి సంతకం పెడితే, నూట ఇరవై మంది పనిచేసే చోట ఎనభై మందికే కట్టిన సంగతి ప్రమాదం జరిగిన రోజు బయటపడుతుంది. కార్మికులారా, మీ ఫోనులో ఈఎస్ఐ ఖాతా తెరిచి చందా పడుతోందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి.

ఈఎస్ఐ ఉంటే ప్రమాద నివేదిక వెంటనే ఈఎస్ఐ శాఖా కార్యాలయానికి వెళ్లాలి. ఈఎస్ఐ లేకపోతే, లేదా వేతనం పరిమితి దాటి ఉంటే, మిగతా మెట్లు మీకోసమే.

రెండో మెట్టు: బాధ్యులెవరో రాసిపెట్టుకోండి

1923 చట్టంలో సెక్షన్ 12 ఉంది. ఒకరు తమ వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగిస్తే, ఆ పనిలో గాయపడిన కార్మికుడికి, తానే నేరుగా నియమించుకున్నట్టుగా, అప్పగించినవారే పరిహారం చెల్లించాలని అది చెబుతుంది. చెల్లించాక ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు దగ్గర రాబట్టుకోవచ్చు. కార్మికుడు కావాలనుకుంటే కాంట్రాక్టరునే అడగవచ్చు. ఎంపిక కార్మికుడిది.

"మున్సిపాలిటీ వ్యాపారం చేయదు కదా, మాకు ఈ సెక్షన్ ఎలా వర్తిస్తుంది?" అని కొందరు అధికారులు వాదిస్తారు. దానికి జవాబు చట్టం మొదటి పేజీల్లోనే ఉంది. సెక్షన్ 2(2) ప్రకారం స్థానిక సంస్థ అధికారాలు, విధులు నిర్వహించడమే ఈ చట్టం దృష్టిలో దాని వ్యాపారం. ప్రభుత్వం తరఫున పనిచేసే శాఖలకూ అదే నియమం. ఒక్క వాక్యం అది, కానీ ఎన్నో కుటుంబాలను నిలబెట్టగల వాక్యం. దరఖాస్తులో దాన్ని తప్పక ఉటంకించండి. చెత్త ఎత్తడం, కాలువలు తీయడం, మంచినీటి పైపులు వేయడం, వీధి దీపాలు చూడటం, ఇవన్నీ మున్సిపాలిటీ విధులే. ఎవరి చేత చేయించినా సరే.

కొత్త కోడ్ ఇంకా సూటిగా చెబుతుంది. స్థానిక సంస్థ నడిపే సంస్థకు ఆ స్థానిక సంస్థ ముఖ్య కార్యనిర్వాహకుడే యజమాని అని నిర్వచనంలోనే ఉంది. మున్సిపాలిటీలో ఆ కుర్చీ కమిషనర్‌ది. ప్రభుత్వ శాఖల విషయంలో శాఖాధిపతి నియమించిన అధికారి, ఎవరినీ నియమించకపోతే శాఖాధిపతే యజమాని.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు మున్సిపల్ ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాలు ఆప్కాస్ (ఔట్‌సోర్సింగ్ సిబ్బంది కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) ద్వారా వస్తాయి, తెలంగాణలో పలు చోట్ల ఏజెన్సీల ద్వారా వస్తాయి. అందుకే దరఖాస్తులో ఒక్కరినే ప్రతివాదిగా చూపించకండి. మున్సిపాలిటీని, జీతం ఇచ్చే సంస్థను, మధ్యలో కాంట్రాక్టరు ఉంటే కాంట్రాక్టరును, పాలసీ ఉంటే బీమా కంపెనీని, అందరినీ చేర్చండి. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చుకోవాలన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకుంటారు. ఆ తగవు తెగేదాకా విధవరాలు ఎదురుచూడనక్కరలేదు.

మూడో మెట్టు: అది పనిలో జరిగిన ప్రమాదమేనా?

పని కారణంగా, పని సమయంలో జరిగిన గాయానికే పరిహారం. వినడానికి తేలికగా ఉంటుంది, కేసులన్నీ నిలిచేదీ పడిపోయేదీ ఇక్కడే.

స్థానిక సంస్థ కార్మికుల విషయంలో గుర్తుంచుకోవలసిన తీర్పు 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన బెస్ట్ సంస్థ కేసు. బెస్ట్ అంటే బొంబాయి నగరపాలక సంస్థకు చెందిన బస్సుల సంస్థ. ఒక డ్రైవరు తన డ్యూటీ ముగించి, బస్సును డిపోలో అప్పగించి, ఇంటికి వెళ్లడానికి అదే సంస్థకు చెందిన వేరే బస్సు ఎక్కాడు. ఆ బస్సు ఆగి ఉన్న లారీని ఢీకొంది, అతడు రోడ్డు మీద పడి చనిపోయాడు. డ్యూటీ అయిపోయింది కాబట్టి మాకు సంబంధం లేదని సంస్థ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. యూనిఫాంలో ఉన్న డ్రైవర్లకు తమ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇవ్వడం వాళ్లు వేళకు పనికి రావడం కోసం, అంటే సంస్థ పని సాఫీగా సాగడం కోసమే కనుక, ఆ ప్రయాణం కూడా ఉద్యోగంలో భాగమేనని తేల్చింది. భార్య ఆగ్నెస్ గెలిచింది. కార్మికులను ట్రాక్టరు మీదో ఆటో టిప్పరు మీదో ఎక్కించి పాయింటు నుంచి పాయింటుకు తీసుకెళ్లే మన ఊళ్లకు ఆ తర్కం అతికినట్టు సరిపోతుంది.

కొత్త కోడ్ మరో అడుగు వేసింది. ఇంటి నుంచి పనికి వస్తూ, పని నుంచి ఇంటికి వెళుతూ ప్రమాదానికి గురైతే, ఆ సమయానికీ స్థలానికీ పరిస్థితులకూ ఉద్యోగంతో సంబంధం ఉన్నప్పుడు, దాన్ని పనిలో జరిగిన ప్రమాదంగానే చూడాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు సైకిలు మీద మస్టరు పాయింటుకు బయలుదేరే వారికి ఇది పెద్ద రక్షణ. అయితే ఇంటి నుంచి పాయింటుకు వచ్చే మామూలు దారిలోనే ప్రమాదం జరిగిందని చూపగలగాలి.

"చేతి తొడుగులు వేసుకోలేదు, నిర్లక్ష్యం అతనిదే" అన్న వాదన మీద నాకు చాలా కోపం. నిర్లక్ష్యం పరిహారాన్ని అడ్డుకోదు. తాగి ఉండటం, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరించడం, రక్షణ పరికరాన్ని కావాలని తీసేయడం, ఈ మూడు సందర్భాల్లోనే యజమానికి మినహాయింపు ఉంది. మరణం లేదా శాశ్వత పూర్తి వైకల్యం సంభవిస్తే ఈ మూడూ కూడా పనిచేయవు. తొడుగులు ఇవ్వని వాళ్లు తొడుగులు వేసుకోలేదని నిందించడం న్యాయం ముందు నిలవదు.

వృత్తి వ్యాధులకూ పరిహారం ఉంది. అంటువ్యాధి సోకే ప్రత్యేక ప్రమాదం ఉన్న పనిలో వచ్చిన జబ్బులు చట్టం మూడో షెడ్యూలులో, అంటే చట్టం చివర జతచేసిన పట్టికలో, ఉన్నాయి. మురుగులో దిగినవారికి వచ్చే లెప్టోస్పైరోసిస్ వంటివాటికి ఈ దారిలో అడగవచ్చు. అయితే వైద్యుడి కాగితం బలంగా ఉండాలి, ఫలానా పనిలో ఉన్నాడని కేస్ షీటులో రాయించాలి.

నాలుగో మెట్టు: మొదటి వారంలోనే కాగితాలు

నేను చూసిన ఒక ఊరి మస్టరు పుస్తకం ఇప్పటికీ కళ్లముందు ఉంది. గీతలు కొట్టిన పెద్ద రిజిస్టరు, ఒక్కో పేరు ఎదుట ఒక్కో గడి, గడిలో నీలం సిరాతో హాజరు గుర్తు. చనిపోయిన కార్మికుడి గడిలో మాత్రం హాజరు గుర్తు మీద నల్లసిరాతో సెలవు అని రాసి ఉంది. కింద నీలం ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆ రోజు ఉదయమే అతని తమ్ముడు ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసి ఉండటం వల్ల కేసు నిలిచింది. లేకపోతే, పనికి రాని మనిషి రోడ్డు మీద ఎలా పడ్డాడన్న ప్రశ్నతోనే అది ముగిసిపోయేది.

కాబట్టి ప్రమాదం జరిగిన రోజే మస్టరు పేజీ ఫొటో తీయండి. ముఖ గుర్తింపు హాజరు ఉన్న చోట ఆ రోజు నమోదు కాపీ అడగండి. సమాచార హక్కు దరఖాస్తు పెడితే తరువాతైనా వస్తుంది, కానీ అప్పటికి ఏ రూపంలో వస్తుందో చెప్పలేం. ఎఫ్ఐఆర్‌లో "మున్సిపాలిటీ పని చేస్తుండగా" అన్న మాట ఉందో లేదో అక్కడే చదివించుకోండి. దారినపోయే వ్యక్తి అని రాస్తే సరిచేయించండి. ఆసుపత్రిలో ప్రమాద కేసుగా నమోదు చేయించండి. మరణమైతే పంచనామా, పోస్టుమార్టం నివేదిక కాపీలు కావాలి. గత ఏడాది జీతాలు పడిన బ్యాంకు పాస్‌బుక్కు, ఆధార్, బడి సర్టిఫికెట్ ఉంటే అది, తోటి కార్మికుల్లో ఇద్దరి పేర్లు, ఇవన్నీ ఒక సంచిలో పెట్టి ఇంట్లో ఒకరి బాధ్యతలో ఉంచండి.

యజమానికి రాతపూర్వక నోటీసు వీలైనంత త్వరగా ఇవ్వండి. మున్సిపల్ కార్యాలయంలో ఇన్‌వార్డు విభాగంలో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీ ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాపీ కాగితం ముక్కతో సమానం.

అధికారుల వైపు నుంచి చూస్తే, మరణం లేదా తీవ్రమైన గాయం జరిగినప్పుడు నివేదిక పంపడానికి గడువు 7 రోజులు. మరణం గురించి నష్టపరిహార కమిషనర్‌కు సమాచారం అంది, ఆయన నోటీసు ఇస్తే, బాధ్యత ఒప్పుకుంటున్నారో లేదో 30 రోజుల్లో చెప్పాలి. ఒప్పుకుంటే అదే 30 రోజుల్లో డబ్బు జమ చేయాలి. ఇక్కడ కమిషనర్ అంటే మున్సిపల్ కమిషనర్ కాదు, ఈ చట్టం కింద నియమితులైన అధికారి. మన రాష్ట్రాల్లో కార్మిక శాఖ అధికారులే ఆ బాధ్యత చూస్తారు.

ఐదో మెట్టు: లెక్క మీరే వేసుకోండి

పరిహారం ఎవరి దయ మీదా ఆధారపడింది కాదు. మూడు అంకెలు తెలిస్తే చాలు: వేతనం, వయసు, గాయం తీవ్రత.

వేతనం ఎంతున్నా లెక్కకు తీసుకునే గరిష్ఠ నెల వేతనం 15,000 రూపాయలు. 2020 జనవరి 3 నుంచి ఇది అమల్లో ఉంది. అంతకుముందు 8,000. ఇప్పటికీ 8,000తో లెక్క వేసి చూపే కాగితాలు కొన్ని కనిపిస్తాయి. జాగ్రత్తగా చూడండి. వయసుకు తగ్గ గుణకం నాలుగో షెడ్యూలులో ఉంటుంది. 30 ఏళ్లకు 207.98, 35కు 197.06, 40కి 184.17, 45కు 169.44, 50కి 153.09.

మరణమైతే నెల వేతనంలో సగాన్ని గుణకంతో హెచ్చించాలి. 40 ఏళ్ల కార్మికుడు, వేతనం 15,000 లేదా అంతకు మించి ఉందనుకుందాం. 7,500ను 184.17తో హెచ్చిస్తే 13,81,275 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు దీనికి అదనం. శాశ్వత పూర్తి వైకల్యమైతే సగానికి బదులు 60 శాతం, అంటే 9,000ను అదే గుణకంతో హెచ్చిస్తే 16,57,530. పాక్షిక వైకల్యమైతే ఈ మొత్తంలో షెడ్యూలు చెప్పిన శాతం ఇస్తారు. చేతి బొటనవేలు పోతే 30 శాతం కనుక 4,97,259. తాత్కాలికంగా పనికి దూరమైతే ప్రతి పదిహేను రోజులకు నెల వేతనంలో 25 శాతం, అంటే 3,750. ఇది గరిష్ఠంగా ఐదేళ్ల వరకు. చికిత్సకు అయిన అసలు ఖర్చు ఇవన్నీ కాక విడిగా ఇవ్వాలి. చాలా కుటుంబాలు ఈ చివరి అంశాన్నే మరచిపోతాయి. మందుల షాపు బిల్లులు పారేయకండి.

వయసు దగ్గర పెద్ద తేడా వస్తుంది. మన పెద్దల్లో చాలామందికి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అనే ఉంటుంది, ఎవరో అంచనాగా వేసినది. 40 ఏళ్ల మనిషిని 45గా చూపితే పైన చెప్పిన మరణ పరిహారంలో 1,10,475 రూపాయలు తగ్గుతాయి. బడి రికార్డు, పెద్ద కొడుకు పుట్టిన తేదీ వంటివి దగ్గర పెట్టుకోండి.

షెడ్యూలులో లేని గాయాలకు అర్హత గల వైద్యుడు సంపాదన శక్తి ఎంత పోయిందో తేల్చాలి. వైద్యపరమైన వైకల్య శాతం ఒకటి, సంపాదన శక్తి నష్టం మరొకటి. 1975లో సుప్రీంకోర్టు ముందుకు ఒక వడ్రంగి కేసు వచ్చింది. ఎడమ చేయి మోచేతి పైన తీసేయవలసి వచ్చింది. ఒక చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి ఆ వృత్తికి సంబంధించినంత వరకు అది పూర్తి వైకల్యమేనని కోర్టు అంగీకరించింది. రెండు చేతులా పార పట్టి కాలువ తీసే కార్మికుడి విషయంలో వైద్యుడికీ అధికారికీ ఈ కేసు గుర్తుచేయండి. పరిహారం బాకీ పడేది తీర్పు రోజు నుంచి కాదు, ప్రమాదం జరిగిన రోజు నుంచి అని చెప్పింది కూడా ఆ తీర్పే.

అందుకే ఆలస్యానికి ఖరీదుంది. బాకీ పడిన నెలలోపు చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే అసలు మొత్తంలో 50 శాతం వరకు జరిమానా కూడా. పై ఉదాహరణలోని మరణ పరిహారం మీద ఏడాది వడ్డీయే 1,65,753 రూపాయలు. మూడేళ్లు ఫైలు కదలకపోతే ప్రజల పన్ను డబ్బు ఎంత వృథా అవుతుందో మున్సిపల్ అకౌంటెంట్లు ఒకసారి లెక్క వేసి మున్సిపల్ కమిషనర్ ముందు పెట్టాలి.

ఆరో మెట్టు: సరైన తలుపు తట్టండి

రోడ్డు మీద వాహనం గుద్దినప్పుడు రెండు దారులుంటాయి. మోటారు వాహనాల ట్రిబ్యునల్ ఒకటి, నష్టపరిహార కమిషనర్ మరొకటి. చట్టం ప్రకారం ఏదో ఒకటే ఎంచుకోవాలి, రెండూ కాదు. ట్రిబ్యునల్‌లో 15,000 వేతన పరిమితి లేదు కనుక మొత్తం ఎక్కువ రావచ్చు. కానీ గుద్దిన బండి దొరకాలి, డ్రైవరు తప్పు రుజువు కావాలి. బండి దొరకని ప్రమాదాల్లో నష్టపరిహార చట్టమే ఆధారం, ఇక్కడ ఎవరి తప్పూ రుజువు చేయనక్కరలేదు. ట్రిబ్యునల్ దారి ఎంచుకుంటే ఆరు నెలల్లోపే వెళ్లండి. ఈ ఎంపిక తొందరలో చేయవద్దు, తెలిసిన న్యాయవాదిని ఒక్కసారైనా అడగండి.

మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో దిగి మరణించినవారి సంగతి వేరు. వాళ్ల గురించి మాట్లాడేటప్పుడు తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయనతో నడిచిన సఫాయీ కర్మచారీ ఆందోళన్ అనే పారిశుద్ధ్య కార్మికుల ఉద్యమ సంస్థ చేసిన పోరాటాన్ని తలచుకోకుండా ఉండలేను. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014 మార్చిలో సుప్రీంకోర్టు 1993 నుంచి జరిగిన మురుగు మరణాలకు 10 లక్షల చొప్పున ఇవ్వాలని చెప్పింది. 2023 అక్టోబరు 20న మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. ఇది వేరే బాధ్యత. ఆ డబ్బు కోసం జిల్లా యంత్రాంగం దగ్గర అడుగుతూనే, నష్టపరిహారం దరఖాస్తు గడువు మాత్రం దాటనివ్వకండి.

ఆ గడువు ప్రమాదం నుంచి, మరణమైతే మరణం నుంచి, రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటి కమిషనర్ దగ్గరే కాదు, మీరు ఉండే చోటి కమిషనర్ దగ్గరా వేయవచ్చు. హైదరాబాద్‌లో పనిచేసి మరణించిన వ్యక్తి కుటుంబం శ్రీకాకుళంలోనో పాలమూరులోనో ఉంటే, అక్కడే వేసుకోవచ్చు. సివిల్ కోర్టుకు ఈ విషయంలో అధికారం లేదు. విచారణ మూడు నెలల్లో ముగించాలని చట్టం చెబుతోంది.

యజమాని హైకోర్టుకు అప్పీలు వెళ్లాలంటే 60 రోజుల గడువు, ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి, ముందుగా మొత్తం జమ చేయాలి. ఏ చట్ట ప్రశ్నా లేకుండా అలవాటుగా అప్పీలు వేయించే అధికారులకు నా మనవి ఒక్కటే: ఆ ఫైలు మీద సంతకం పెట్టే ముందు వడ్డీ లెక్క చూడండి. ఉత్తర్వు వచ్చినా చెల్లించకపోతే భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయవచ్చు.

ఏడో మెట్టు: డబ్బు చేతికి ఇవ్వకండి, తీసుకోకండి

మరణం జరిగిన ఊళ్లో సాయంత్రానికి పెద్దమనుషులు కూర్చుంటారు. శవం ఇంకా మార్చురీలోనే ఉంటుంది. కాంట్రాక్టరు రెండు లక్షలో మూడు లక్షలో ఇస్తాడు, "ఇక మాకు ఎవరి మీదా ఎలాంటి హక్కూ లేదు" అన్న కాగితం మీద భార్య వేలిముద్ర వేయిస్తారు. ఆ కాగితం చెల్లదు. చట్టం ఇచ్చే పరిహారాన్ని వదులుకునే ఏ ఒప్పందమూ చెల్లదని సెక్షన్ 17 చెబుతుంది. మరణ పరిహారం కమిషనర్ దగ్గర జమ చేస్తేనే చెల్లించినట్టు. నేరుగా ఇచ్చింది లెక్కలోకి రాదు, మూడు నెలల వేతనం వరకు ముందస్తుగా ఇచ్చిన దానికి తప్ప. అంటే అలా ఇచ్చిన మున్సిపాలిటీ గానీ కాంట్రాక్టరు గానీ మళ్లీ పూర్తిగా కట్టవలసి వస్తుంది. వేలిముద్ర వేసిన కుటుంబాలు ఇప్పటికీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. సిగ్గుపడనక్కరలేదు, భయపడనక్కరలేదు.

మున్సిపాలిటీకి: పాలసీ, టెండరు, బోర్డు

బీమా పాలసీ ఉన్నా లేకపోయినా బాధ్యత ఉంటుంది. పాలసీ ఆ బరువును కంపెనీ మీదికి మారుస్తుంది, అంతే. ఉద్యోగుల నష్టపరిహార పాలసీ తీసుకునేటప్పుడు కార్మికుల సంఖ్య, అసలు వేతనం సరిగ్గా చూపించాలి. ప్రీమియం తగ్గించడానికి యాభై మందిని చూపి ఎనభై మందితో పనిచేయిస్తే, ప్రమాదం రోజున ఆ తేడా మున్సిపాలిటీ నెత్తిన పడుతుంది. వైద్య ఖర్చులు, వృత్తి వ్యాధులు, కాంట్రాక్టరు కింది కార్మికులు పాలసీ పరిధిలో ఉన్నారో లేదో చదవాలి. వీటికి విడిగా ప్రీమియం కట్టవలసి రావచ్చు. వడ్డీ బీమా కంపెనీ భరించవలసి వచ్చినా జరిమానా మాత్రం యజమానిదేనని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఆలస్యానికి ఏ పాలసీ కూడా కవచం కాదు.

టెండరు షరతుల్లో పాలసీ కాపీ ఇవ్వాలని రాస్తే సరిపోదు. కాంట్రాక్టు చివరి రోజు దాకా పాలసీ అమల్లో ఉండాలని, గడువు ముగిసే నెలలో కొత్త పాలసీ చూపకపోతే బిల్లు ఆగుతుందని, పరిహారం చెల్లించవలసి వస్తే డిపాజిట్ నుంచి, పెండింగ్ బిల్లుల నుంచి తీసుకుంటామని రాయాలి.

పర్మినెంటు కార్మికులకూ ఈ చట్టం వర్తిస్తుంది. కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఇవ్వడం ఈ పరిహారానికి బదులు కాదు.

మరో బాధ్యత దాదాపు ఎక్కడా పాటించడం లేదు. 2017 సవరణ ప్రకారం, పనిలో చేర్చుకునేటప్పుడే పరిహారం హక్కు గురించి కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పకపోతే పాత చట్టం కింద 50,000 నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా ఉండేది. నియామక కాగితంతో పాటు మస్టరు పాయింటు గోడ మీద కూడా ఈ మాటలు రాయించండి:

"పనిలో గాని, పనికి వస్తూ పోతూ గాని ప్రమాదం జరిగితే మీకు, మీ కుటుంబానికి నష్టపరిహారం పొందే హక్కు ఉంది. పర్మినెంటు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ అందరికీ ఈ హక్కు ఒక్కటే. వెంటనే మేస్త్రీకి చెప్పండి, కార్యాలయంలో రాసి ఇచ్చి ముద్ర వేయించుకోండి. రెండేళ్లలోపు కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి."

కింద శానిటరీ ఇన్‌స్పెక్టర్ ఫోను నంబరు, దగ్గరలోని ఆసుపత్రి పేరు, కార్మిక శాఖ కార్యాలయం చిరునామా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

చివరి మెట్టు: పంపకం

కమిషనర్ దగ్గర జమ అయిన డబ్బును ఎవరికి ఎంత ఇవ్వాలో ఆయనే నిర్ణయిస్తారు. భార్య, మైనరు కొడుకులు, పెళ్లికాని కూతుళ్లు, వితంతువైన తల్లి ఆధారపడ్డామని విడిగా రుజువు చేయనక్కరలేదు. అత్తాకోడళ్ల మధ్య తగవు ఉంటే విచారణ రోజునే ఇద్దరూ వచ్చి తమ పరిస్థితి చెప్పుకోవాలి, ఇంటి దగ్గర తేల్చుకుందామని మానేయకూడదు. మైనర్ల వాటాను వాళ్ల పేరున డిపాజిట్ చేయిస్తారు. చదువుకో వైద్యానికో మధ్యలో డబ్బు అవసరమైతే తల్లి అదే కార్యాలయంలో ఫీజు రసీదు, కాలేజీ ఉత్తరం జతచేసి అర్జీ పెట్టుకోవచ్చు. డిపాజిట్ పత్రం నకలు ఇంట్లో ఉంచుకోండి. పిల్లవాడికి 18 నిండిన మరుసటి వారం దాన్ని పట్టుకుని వెళ్లండి.